రెండో ప్రతికే మార్కులు

డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన పిల్లకాయలకు కాలేజీలు మొట్టమొదట చెప్పే సంగతులు మూడే. ఐడీ కార్డు మెడలో ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. ఫీజు బాకీ ఉండకూడదు. ఓరియెంటేషన్ అని పిలిచి, శాలువాలూ ప్రసంగాలూ అయ్యాక చేతిలో పెట్టే కాగితంలో కూడా ఇవే ఉంటాయి, ఇంకాస్త పెద్ద అక్షరాల్లో. ఇంగ్లీష్ తరగతిలో ఏం రాయించబోతున్నారు, ఎలా రాస్తే మార్కులు పడతాయి, ఆలస్యంగా ఇస్తే ఏమవుతుంది, పక్కవాడి కాగితం చూసి రాస్తే ఏమవుతుంది, ఫోన్‌ని అడిగి రాస్తే ఏమవుతుంది? వీటికి జవాబు ఎక్కడా దొరకదు. సీనియర్లను అడిగో, ఒకసారి దెబ్బ తినో వాళ్ళంతట వాళ్ళే తెలుసుకోవాలి.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెప్తాను. ఎక్కువగా మొదటి ఏడాది వాళ్ళకి, అందులోనూ బీకాం కంప్యూటర్స్ సెక్షన్లకి. నేను అనేది ఒక్కటే. రాయడం నేర్పే తరగతిలో మొదటిసారి రాసినదానికి మార్కులు వేయకూడదు. రెండోసారి రాసినదానికే వేయాలి. ఈ సంగతి మొదటి రోజే కాగితం మీద రాసి, పక్కన కారణం కూడా రాసి, పిల్లల చేతికివ్వాలి. హాజరు, గడువు, కాపీ, ఫోను, ఏ నియమమైనా దీని తర్వాతే. దీన్ని పెట్టకుండా మిగతావన్నీ ఎంత కట్టుదిట్టంగా పెట్టినా అది పోలీసు పనే అవుతుంది గానీ పాఠం కాదు.

నా తరగతిలో కూర్చునేవాళ్ళు శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, పాకాల, చంద్రగిరి వైపు నుంచి వస్తారు. నగరి పిల్లల్లో ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు అయినవాళ్ళు చాలామంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం అయింది కాబట్టి కామర్స్ కూడా ఇంగ్లీషులోనే చదవాలి. అంతకు ముందు రెండేళ్ళు ఇంటర్‌లో వాళ్ళు ఇంగ్లీష్ రాశారా అంటే, రాశారు. 'దీజ్ లైన్స్ ఆర్ టేకెన్ ఫ్రమ్ ద లెసన్' అని మొదలుపెట్టి, గైడులో ఉన్నది ఉన్నట్టు. నూటికి తొంభై తెచ్చుకున్న అమ్మాయిని 'నిన్న సాయంత్రం ఏం చేశావో నాలుగు వాక్యాలు రాయి' అంటే చేతులు వణుకుతాయి. తెలివి తక్కువై కాదు. సొంత వాక్యం రాయమని అంతవరకూ ఎవరూ అడగలేదు, అంతే.

'ఇంటర్‌లో ఏం నేర్పారో ఏమో' అని స్టాఫ్ రూమ్‌లో అందరం తిట్టుకుంటాం. ఇంటర్ వాళ్ళు హైస్కూలు వాళ్ళని తిడతారు. ఈ తిట్లు మనతో మొదలైనవి కావు. అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు 1874లో ప్రవేశ పరీక్షలో ఇంగ్లీష్ వ్యాసం పెట్టారు. మంచి బడుల్లో చదివి, పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే మాట్లాడే పిల్లలు రాసిన ఆ వ్యాసాలు చూసి పెద్దలు గగ్గోలు పెట్టారు. చివరికి 1885లో మొదటి ఏడాదిలోనే తప్పనిసరి రచన కోర్సు పెట్టుకోవాల్సి వచ్చింది. నేటికీ అక్కడి కాలేజీల్లో మొదటి ఏడాది పిల్లలు ఇంగ్లీష్ కాంపొజిషన్ అనే ఆ కోర్సు చదువుతూనే ఉన్నారు. మాతృభాష ఇంగ్లీషు అయినవాళ్ళే 'తయారై' రాలేదని మొదలైన కోర్సు అది. మన పిల్లలు తయారై రాలేదని అంత ఆశ్చర్యపోవడం దేనికి?

అక్కడి కోర్సుల్లో నాకు నచ్చేది, మొదటి రోజు ఇచ్చే సిలబస్ కాగితం. ఏ వారం ఏం చదవాలి, ఎన్ని వ్యాసాలు రాయాలి, చిత్తు ప్రతి ఎప్పుడు ఇవ్వాలి, తుది ప్రతి ఎప్పుడు, దేనికి ఎంత శాతం మార్కులు, గడువు దాటితే ఎంత కోత, ఇంకొకరి మాటలు సొంతమని రాస్తే ఏం శిక్ష, మాస్టారు ఏ గంటలో గదిలో దొరుకుతారు, అన్నీ అందులో ఉంటాయి. పిల్లకీ మాస్టారికీ మధ్య ఒప్పందం లాంటిది. మన దగ్గర సిలబస్ అంటే యూనిట్ల జాబితా. అందులో మాస్టారు ఏం చేయాలో ఉండదు, పిల్లవాడు ఏం చేయాలో ఉండదు.

మొదటి ప్రతికి మార్కులు ఎందుకు వద్దంటున్నానో ఒక కాగితం చూపిస్తే తెలుస్తుంది.

'మా ఊరు' మీద ఒక పేజీ రాయమన్నాను. సెక్షన్ మొత్తం దాదాపు ఒకే ఊళ్ళో పుట్టింది. 'మై విలేజ్ ఈజ్ ఏ స్మాల్ అండ్ బ్యూటిఫుల్ విలేజ్. ఇట్ ఈజ్ సరౌండెడ్ బై గ్రీన్ ఫీల్డ్స్.' పుత్తూరు నుంచి వచ్చే ఒక అమ్మాయిదీ అదే ఊరు. పచ్చటి పొలాలు, చల్లటి గాలి, అమాయకులైన జనం. వ్యాకరణం తప్పు ఒక్కటి లేదు. మార్కులు వేసి ఉంటే పదికి ఎనిమిది వేయాలి. అక్కడితో ఆ అమ్మాయి చదువు ఆగిపోయేది.

కాగితం అంచున ఎర్ర ఇంకుతో తప్పులు దిద్దకుండా తెలుగులో ఒక ప్రశ్న రాశాను: 'పుత్తూరు అంటే అందరూ ఎముకల కట్టు అంటారు కదా, అది ఎక్కడ?' వారం తర్వాత రెండో ప్రతి వచ్చింది. నాకు గుర్తున్నంతవరకు ఇలా ఉంది: 'మై మదర్ సెల్లింగ్ ఎగ్స్ నియర్ ద కట్టు ప్లేస్. మార్నింగ్ వ్యాన్స్ ఆర్ కమ్. పీపుల్ హ్యావ్ బ్రోకెన్ లెగ్. దే ఆర్ నాట్ క్రయింగ్, దెయిర్ రిలేటివ్స్ ఆర్ క్రయింగ్.' తర్వాత ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు దబ్బలు, గుడ్డ, ఏది ముందు ఏది తర్వాత పెడతారో వరసగా రాసింది. వాళ్ళమ్మ గుడ్లు అమ్మేది ఆ కట్టు కోసమేనని అక్కడ అర్థమైంది నాకు. వెదురు దబ్బకి ఇంగ్లీషు మాట తెలియక బొమ్మ వేసింది.

లెక్క ప్రకారం రెండో ప్రతిలో వాక్యానికో తప్పు. మొదటిదాంట్లో తప్పే లేదు. ఏది బాగుంది? విరిగిన కాలు పెట్టుకున్నవాడు ఏడవడు, వెంట వచ్చినవాళ్ళు ఏడుస్తారు అన్నది తన కళ్ళతో చూసిన మనిషి మాత్రమే రాయగల వాక్యం. ఇక 'ఆర్ కమ్' ఎందుకు తప్పో ఆ అమ్మాయికి చెప్పడం తేలిక. తన వాక్యం గనక, దాన్ని నిలబెట్టుకోవాలన్న ఆత్రం తనకే ఉంది. గైడు వాక్యానికి వ్యాకరణం నేర్పితే ఎవరికి పడుతుంది?

మా పిల్లలకి రఫ్, ఫెయిర్ తెలియవని కాదు. రఫ్ అంటే గజిబిజి దస్తూరి, ఫెయిర్ అంటే అదే విషయాన్ని మార్జిన్ కొట్టి, హెడ్డింగ్ కింద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీసి, గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాయడం. ఒక్క మాట కూడా మారదు. బడిలో అందానికి మార్కులేశారు, కాబట్టి అందం నేర్చుకున్నారు. అందుకని నా కాగితంలో రెండో నియమం ఇలా ఉంటుంది: రెండో ప్రతిలో కనీసం మూడో వంతు మారకపోతే అది రెండో ప్రతి కాదు. దస్తూరికి మార్కుల్లేవు. కొట్టివేతలు ఉండొచ్చు, ఉంటేనే మంచిది. ఈ మాట మొదటి వారం ఎవరూ నమ్మరు. వైట్‌నర్ డబ్బాలు బయటికి వస్తూనే ఉంటాయి.

ఇక్కడ తోటి లెక్చరర్లు అడిగే ప్రశ్న న్యాయమైనదే. అరవై మంది సెక్షన్లో ఇదంతా ఎవరు దిద్దుతారు? ఒక్కో కాగితానికి పది నిమిషాలు వేసుకుంటే పది గంటలు. రెండు ప్రతులకి ఇరవై. అలాంటి సెక్షన్లు మూడో నాలుగో ఉంటే ఇంటికి పోయి వంట చేసుకునేదెప్పుడు? అమెరికాలో రచన బోధించే అధ్యాపకుల సంఘం, రచన తరగతిలో ఇరవై మందికి మించకూడదు, పదిహేను మందైతే మరీ మంచిది అంటుంది. ఆ అంకెలు చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం కడుపు మంట కూడా. అక్కడ కూడా అన్ని కాలేజీలూ ఆ మాట పాటించవనుకోండి. కానీ అడగడానికి వాళ్ళకి కనీసం ఒక అంకె ఉంది. మన దగ్గర వర్క్‌లోడ్ అంటే వారానికి ఎన్ని గంటలు నిలబడి చెప్పారన్నదే. కూర్చుని దిద్దిన గంటలు ఏ రిజిస్టర్లోనూ ఎక్కవు.

నేను చేసేది గొప్ప ఉపాయమేమీ కాదు. అన్నీ దిద్దను. మొదటి ప్రతిలో ఒకే ఒక్క ప్రశ్న రాస్తాను. రెండో ప్రతిలో పిల్లవాడే ఎంచుకున్న ఒక పేరా మాత్రం దిద్దుతాను, అందులోనూ ఆ నెల చెప్పుకున్న ఒక రకం తప్పు మాత్రమే. ఒక నెల క్రియలు, ఇంకో నెల వాక్యం ఎక్కడ ఆగాలన్నది. కాగితానికి మూడు నిమిషాలు. అరవైకి మూడు గంటలు. కాగితమంతా ఎర్రగా చేసి ఇస్తే చదవరన్నది అందరికీ తెలిసిందే. మార్కు చూసి మడిచి బ్యాగులో పెట్టుకుంటారు. ఈ పద్ధతిలో తప్పులు మిగిలిపోతాయి, నిజమే. తల్లిదండ్రులెవరైనా చూసి 'మేడమ్ తప్పులు వదిలేస్తోంది' అంటే ఏం చెప్పాలో కూడా ఆ కాగితంలోనే రాసి ఉంచాను.

తెలుగు సంగతి. మొదటి ప్రతిలో మాట తట్టనిచోట తెలుగు రాయొచ్చు, తమిళం రాయొచ్చు, బొమ్మ వేయొచ్చు. 'ఇంగ్లీష్ క్లాసులో ఇంగ్లీషే' అని బోర్డు పెట్టే కాలేజీలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి, తెలుగు మాట దొర్లితే జరిమానా వేసేవీ ఉన్నాయి. వీటివల్ల జరిగేది మౌనం. నేను చెప్పిన ఆ అధ్యాపకుల సంఘమే 1974లో, విద్యార్థులకి తమ ఇంటి నుంచి, తమ వాళ్ళ నుంచి తెచ్చుకున్న భాషా రూపాల మీద హక్కు ఉంటుందని తీర్మానం చేసింది. వాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషులోని రకాల గురించి, మన తెలుగు గురించి కాదు. అయినా ఆలోచన పనికొస్తుంది. తుది ప్రతి మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి, అందులో మొహమాటం లేదు. ఉద్యోగం ఇచ్చేవాడు చిత్తు ప్రతి చూడడు కదా.

హాజరు మీద పెద్దగా చెప్పేదేం లేదు. 75 శాతం ఉండాలి అన్న రూలు రచన తరగతికి నిజంగానే అవసరం, ఎందుకంటే రాయడం తరగతిలోనే జరుగుతుంది. కానీ తగ్గినవాళ్ళు మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, హాజరు లోటును మాఫీ చేయించుకునే కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కుతారని పిల్లలకి తెలుసు. రానివాడు ఏం పోగొట్టుకున్నాడన్నది ఆ లెక్కలో లేదు. రేణిగుంట దగ్గర సిగ్నల్ దొరక్క ఆగిన రైల్లో కూర్చున్న పిల్ల, క్యాంటీన్లో కూర్చున్న పిల్లవాడు రిజిస్టర్లో ఒకటే.

గడువు గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. గడువు ఉండాలి, దాటితే కోత ఉండాలి. కారణం మాత్రం అడగకూడదు.

కారణం అడిగితే ఏమవుతుందో లీవ్ లెటర్లు చదివేవాళ్ళందరికీ తెలుసు. 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అన్న వాక్యం మా ప్రాంతంలో మలేరియా కంటే ఎక్కువమందిని పట్టింది. ఒకే సెమిస్టర్లో రెండుసార్లు చచ్చిపోయిన అవ్వలు ఉన్నారు. ఇందులో పిల్లల తప్పు కంటే మన తప్పే ఎక్కువ. అసలు కారణం చెప్తే ఒప్పుకోము కాబట్టి ఒప్పుకునే కారణం చెప్తారు. అసలు కారణాలు ఏమిటంటే, లాడ్జీలో రాత్రి డ్యూటీ, తిరుచానూరు దగ్గర పూల కొట్టులో తెల్లవారుజామున పని, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు హోటల్లో ఇరవై గంటలు నిలబడటం. ఈ ఊరు భక్తులతో నిండినప్పుడల్లా నా తరగతి ఖాళీ అవుతుంది. వాళ్ళు తిరగడానికి పోరు, సంపాదనకి పోతారు. ఆ సంగతి సార్ల ముందు చెప్పుకోవడం వాళ్ళకి నామోషీ.

కాబట్టి సెమిస్టర్ మొదట్లో ఒక్కొక్కరికి రెండు చీటీలు ఇస్తాను. ఒక చీటీ ఇస్తే మూడు రోజులు అదనం. ఎందుకని అడగను, వాళ్ళు చెప్పక్కర్లేదు. రెండూ అయిపోతే రోజుకి ఒక మార్కు పోతుంది, అప్పుడు అవ్వ నిజంగా చచ్చిపోయినా ఆఫీసు కాగితం తేవాల్సిందే. కఠినమే. కానీ మొదటి రోజే తెలుసు గనక ఎవరూ నా మీద అలగరు. మనసును బట్టి కరిగే మేడమ్ దగ్గర, బాగా ఏడవగలిగినవాళ్ళకే న్యాయం జరుగుతుంది. నోరు లేని పిల్ల నష్టపోతుంది. రాసిపెట్టిన నియమం కాపాడేది ఆ నోరు లేని పిల్లనే.

ఇక కాపీ, ఫోను. కాపీ అంటే పూర్వం గైడు, లేదా యూనివర్సిటీ రోడ్డు జెరాక్స్ షాపుల్లో సైజు తగ్గించి తీసిచ్చే నోట్సు. 2022 నవంబర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ షాపుల బేరం కొంత తగ్గి ఉంటుంది. 2018లో యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది, ఇంకొకరి రాతతో పది శాతం పోలిక దాకా శిక్ష లేదు, ఆపైన మెట్లు మెట్లుగా శిక్షలు. చాలామందికి తెలియంది ఏమిటంటే, అసైన్‌మెంట్లు, జవాబు పత్రాలు వాటి పరిధిలోకి రావని ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే మొదటి ఏడాది పేరాగ్రాఫుకి పైనుంచి వచ్చే రూలేదీ లేదు. టీచరే పెట్టుకోవాలి.

మిషను రాసిందా మనిషి రాశాడా అని చెప్పే సాఫ్ట్‌వేర్ కొందామని అక్కడక్కడా వినిపిస్తోంది. దయచేసి వద్దు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ కంపెనీయే అలాంటి పరికరం ఒకటి పెట్టి, కచ్చితత్వం చాలడం లేదని 2023 జూలైలో తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను అలాంటి ఏడు పరికరాలకి ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను మిషను రాసినవని చెప్పాయి. మనుషులు సొంతంగా రాసుకున్న వ్యాసాలవి! తెలిసిన కొద్ది మాటలతో, చిన్న చిన్న వాక్యాలతో రాసేవాళ్ళనే ఆ పరికరాలు దొంగలంటాయి. నా తరగతిలో అందరూ అలా రాసేవాళ్ళే. కట్టు దగ్గర గుడ్ల గురించి రాసిన అమ్మాయిని ఒక సాఫ్ట్‌వేర్ దొంగ అంటే, ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ సొంతంగా ఒక్క వాక్యం రాస్తుందా?

దీనికీ మొదటి నియమమే మందు. మొదటి ప్రతి తరగతిలో, చేత్తో, నా కళ్ళ ముందు రాయాలి. దానికి మార్కు లేదు కాబట్టి దొంగతనం చేయాల్సిన టెన్షన్ లేదు. ఆ తర్వాత ఇంటికి పోయి ఫోన్‌ని అడగొచ్చు, అన్నని అడగొచ్చు, గూగుల్‌ని అడగొచ్చు. ఎవర్ని ఏం అడిగారో చివర్లో రెండు వాక్యాలు రాయాలి. రెండు ప్రతులూ కలిపి పిన్ను కొట్టి ఇవ్వాలి. రెండోది మొదటిదాని నుంచి పుట్టినట్టు లేకపోతే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టి 'ఈ వాక్యం ఎందుకు మార్చావు నాయనా' అని అడుగుతాను. చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే మొదటి ప్రతి దగ్గరికి తిరిగి పోవాలి. ఇందులో దొంగలు తప్పించుకోరా అంటే, తప్పించుకుంటారు. కొందరు. పరీక్ష హాల్లో స్క్వాడ్ వచ్చినా తప్పించుకునేవాళ్ళు ఉన్నారుగా.

ఈ కాలేజీల్లో ఇంకో అలవాటుంది, పిల్లలు స్టాఫ్ రూమ్ గడప దాటరు. పిలిస్తే వస్తారు, ఆడపిల్లలైతే ఇద్దరిద్దరుగా వస్తారు, ఒకరు మాట్లాడితే ఇంకొకరు నవ్వాపుకుంటూ ఉంటారు. 'డౌట్లుంటే రండి' అంటే ఎవరూ రారు. అందుకే రోల్ నంబర్ల వారీగా ఒక్కసారైనా రావడం తప్పనిసరి అని పెట్టాను. నేను స్టాఫ్ రూమ్‌లో కాకుండా వరండా చివర బెంచీ మీద కూర్చుంటాను. ఒకసారి వచ్చినవాళ్ళలో చాలామంది పిలవకుండా రెండోసారి వస్తారు.

ఇంతా చేసి, సెమిస్టర్ పరీక్ష 75 మార్కులకి వస్తే అందులో నేను నేర్పినదానికి విలువెంత? ఇది నా వాదనకి గట్టి దెబ్బ, దాచడం ఎందుకు. ఆ పరీక్షలో రెండో ప్రతి ఉండదు. మూడు గంటలు, ఒక బుక్‌లెట్, ఊహించదగ్గ ప్రశ్నలు. గైడు బట్టీ పట్టినవాడికి నా పిల్లల కంటే ఎక్కువ రావచ్చు, ఒక్కోసారి వచ్చాయి కూడా. నా చేతిలో ఉన్నవి కాలేజీలోనే వేసే 25 ఇంటర్నల్ మార్కులు. వాటినైనా అందరికీ ఇరవై రెండు, ఇరవై మూడు అని పంచిపెట్టకుండా రెండో ప్రతులకి వేయొచ్చన్నదే నేను చెప్పేది. చివరి మూడు వారాలు పరీక్ష కోసమే చెప్తాను, పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని. పరీక్షకి రాయడం వేరు, రాయడం వేరు అని పిల్లలకి విడమరిచి చెప్తే వాళ్ళకి అర్థమవుతుంది. మేనేజ్‌మెంట్లకే టైము పడుతుంది. ఇరవై అయిదుకి పద్నాలుగు వేసినప్పుడు వచ్చే ఫోను కాల్ వేరే సంగతి.

కాగితం ఏటా మారుతోంది. ఈసారి మార్చాల్సింది చీటీల నియమం. బీకాం పిల్లల దగ్గర మారకపు విలువ ఉన్న చీటీ పెడితే ఏమవుతుందో నేను ఊహించి ఉండాల్సింది. సెమిస్టర్ సగానికి వచ్చేసరికి, ఎప్పుడూ గడువు తప్పని ఒక అమ్మాయి దగ్గరున్న రెండు చీటీలు వెనక బెంచీకి చేరాయి. క్యాంటీన్లో రెండు ప్లేట్ల ఎగ్ పఫ్‌కి అట. పరీక్షలు దగ్గర పడేకొద్దీ ధర పెరిగిందని కూడా విన్నాను. వచ్చే బ్యాచ్‌కి చీటీ మీద రోల్ నంబరు వేసి ఇస్తున్నాను. 'అట్లయితే వాడని చీటీకి ఇంటర్నల్స్‌లో ఒక మార్కు కలపండి మేడమ్' అని ఆ అమ్మాయి అడిగింది. రాతపూర్వకంగా, కారణాలతో, రెండు ప్రతుల్లో ఇవ్వమన్నాను. మొదటి ప్రతి ఇచ్చింది.